గార్డుకి నేర్పిన మాట

“అమ్మమ్మా, మనింట్లో ఎప్పుడైనా కుక్క ఉండేదా? అమ్మనడిగితే, అమ్మమ్మనే అడుగు అంది.”

నన్నడగమందా. ఆ, అంటాది. దానికి అప్పటికి ఆరేళ్ళు. గుర్తు లేక కాదు, ఆ సంగతి దాని నోటికి రాదు. సరే, ఇలా దగ్గరగా కూర్చో. ఆ ఫ్యాను కొంచెం తగ్గించు తల్లీ, నా మాట నాకే వినబడటం లేదు.

ఉండీది. ఒక్క కుక్కే. నాలుగేళ్ళు ఉన్నాడు మాతో. వాడు అంటున్నాను చూసినావా, అది అనడం నాకు రాదు. పేరు గార్డు.

నవ్వకు. మీ తాతయ్య పెట్టినాడు ఆ పేరు. ఖరగ్‌పూర్‌లో మగాళ్ళకి ఏది చూసినా రైలులాగే కనబడతాది గదా. మేం గోల్‌బజారుకి బయల్దేరితే అందరం ముందు నడిచీవాళ్ళం, వీడు అందరికన్నా వెనక. ఎవరైనా ఆగితే తనూ ఆగి, వాళ్ళు కదిలితేనే కదిలీవాడు. రైలుకి ఆఖరి పెట్టెలో గార్డు ఉంటాడు చూడు, అలాగ. మా క్వార్టర్ల లైనులో నిజం గార్డుగారు ఒకాయన ఉండీవాడు. “గార్డు అరుస్తన్నాడు, కూడు పెట్టండర్రా” అని మా అత్త పెరట్లోంచి కేకేస్తే, ఆయన పెళ్ళాం గోడ మీంచి తొంగి చూసీది. “మావాడికి మీరెందుకు పెడతారమ్మా, నేను బతికే ఉన్నాను” అనీది. నవ్వుకునీవాళ్ళం.

ఎక్కడ మొదలెట్టాలి. ముందు మనుషుల్ని చెప్తాను, తరవాత సంగతి. ఖరగ్‌పూర్ బెంగాల్లో గదా, అక్కడ మథురాకాటి కాలనీలో రైల్వే క్వార్టరు మాది. చైనాతో యుద్ధం అయిపోయిన రెండేళ్ళకి... కాదు, మూడేళ్ళకి. మీ మామయ్య ఇంకా పుట్టలేదు, అయితే రెండే. మీ తాతయ్య కార్ఖానాలో ఫిట్టరు. నేను తెలుగు బడిలో రెండో తరగతి టీచర్ని. మా అత్త, అంటే తాతయ్య తల్లి, నరసన్నపేట దగ్గర పల్లె నుంచి వచ్చి మాతోనే ఉండీది. మీ అమ్మ పద్మ. అంతే.

పక్క క్వార్టరులో మండల్‌బాబు. బంగాళీ ఆయన. తాతయ్యా ఆయనా కార్ఖానాలో ఒకే సెక్షన్లో పనిచేసీవాళ్ళు, పొద్దున్న సైరను కొట్టక ముందే రెండు సైకిళ్ళూ కలిసే గేటు దాటీవి. ఆయన భార్యని నేను బౌది అనీదాన్ని. బౌది అంటే వాళ్ళ భాషలో వదిన. ఆవిడ నన్ను దిదిమణి అనీది, అక్కడ పంతులమ్మని అలాగే పిలుస్తారు. వాళ్ళకి ఒక్కతే పిల్ల, బులు. ఏడేళ్ళు. మీ అమ్మకీ బులుకీ ఒకటే బొమ్మ, ఒకటే తాడు, ఒకటే జామకాయ. మీ అమ్మ బంగాళీలో పోట్లాడీది, బులు తెలుగులో ఏడిచీది.

ఇప్పుడు గోధుమల సంగతి చెప్పాల. లేకపోతే కుక్క సంగతి తెలీదు.

ఆ రోజుల్లో రేషనులో బియ్యం తగ్గించీసి గోధుమలు ఇచ్చీవారు. బయట గోల్‌బజార్లో బియ్యం కేజీ రూపాయి దాటినాదంటే జనం గుండెలు బాదుకున్నారు, ఇప్పుడు నువ్వు నమ్మవు. మనవాళ్ళకి గోధుమ ముద్ద దిగదు. మా అత్త వాటిని కడిగి, పెరట్లో చాప మీద ఎండబోసి, మరకి పంపీది. ఎండబోస్తే చాలు, కాకులు. కాకులు పోతే మేకలు. “ఒలే కోడలా, పంతులమ్మవి గదా, ఆ గార్డుకేటైనా సదువు సెప్పరాదా. తిని తొంగుంటన్నాడు” అన్నాదొకరోజు.

ఆవిడ ఎగతాళికన్నాది. నేను నిజంగా చెప్పినాను.

సాయంత్రం బడి నుంచి వచ్చి, ఒక రస్కుముక్క చేతిలో పట్టుకుని, గార్డు మొహం కాకి వైపు తిప్పి, “ఉస్” అనీదాన్ని. అనీసి వదిలీదాన్ని. వాడు పరిగెత్తితే రస్కుముక్క. పరిగెత్తకపోతే మళ్ళీ మొదటినుంచి. పిల్లలకైనా అంతే గదా, ఒకటే మాట, ఒకటే పని, మధ్యలో ఇంకేదీ కలపకూడదు. మూడో రోజుకి నేర్చుకున్నాడు. నా తరగతిలో సగం మందికన్నా నయం అనుకున్నాను. తరవాత మేక మీదికి. మేకైతే ఊరికే బెదరదు, కాలి దగ్గర పళ్ళు ఆనించాల. అదీ నేర్చుకున్నాడు. తాతయ్య మురిసిపోయినాడు. మా అత్త ఉస్ అంటే చాలు, గోధుమల మీద ఈగ వాలనిచ్చీవాడు కాదు. అటుపక్కా ఇటుపక్కా ఆడవాళ్ళు కూడా వచ్చి చూసి, మాకూ ఇలాంటి కుక్క కావాల అన్నారు. నేను చాలా గొప్పగా ఫీలైపోయినాను, ఆ మాట ఇప్పుడు దాచడమెందుకు.

అలాగ ఏడాది గడిచినాది.

మొదట కరిచింది ఖోకన్‌ని. వెనక లైనులో బంగాళీవాళ్ళ పిల్లడు, ఎనిమిదేళ్ళుంటాయి. వాళ్ళ కోడిపెట్ట మా పెరట్లోకి దూకితే దాన్ని తోలుకుపోడానికి కర్ర పట్టుకుని వచ్చినాడు. నేను లోపల ఉన్నాను. అరుపు విని వచ్చేసరికి పిల్లడి పిక్క మీద పళ్ళ గీత. పెద్దగా దిగలేదు. కడిగి, మందు రాయించినాం. కర్ర చూసి బెదిరుంటాడులే అన్నారు అందరూ. ఖోకన్ తల్లి కూడా, మావాడికి కర్ర లేకపోతే కాలు కదలదు అని వాడినే తిట్టినాది.

అయినా ఒకటి రెండు మాటలు వినబడ్డాయి. మనవాళ్ళ పిల్లలు వాడి తోక పట్టుకు లాగీవాళ్ళు, చెవులు మెలిపెట్టీవాళ్ళు, మీ అమ్మ వాడి మీద గుర్రం ఎక్కీది. ఎవరినీ ఏమీ అనలేదు. మరి ఖోకన్‌ని ఎందుకు? కుళాయి దగ్గర ఎవరో అన్నారట, “అది తెలుగు కుక్క దిదీ, బంగాళీ రక్తమే రుచి దానికి” అని. నవ్వుతూనే అన్నారు. మా అత్త కూడా నవ్వుతూనే, “మావోళ్ళ వాసన ఆడికి తెలుసు, ఈళ్ళ వంటల ఆవాలనూనె వాసన పడదు” అన్నాది. నాకూ నవ్వొచ్చినాది. నవ్వీసినాను.

నేను ఆలోచించాల్సింది అప్పుడే. ఆలోచించలేదు.

రెండు నెలల తరవాత, ఆదివారం, పొద్దున్న పది గంటలవేళ. నేను వరండాలో కూర్చుని బడి కాగితాలు దిద్దుతున్నాను. బులు మా మెట్టు మీద కూర్చుని గిన్నెలో మరమరాలు తింటన్నాది. మీ అమ్మ లోపల జడేయించుకుంటన్నాది, దాని కోసం చూస్తన్నాది బులు. గార్డు తోకాడించుకుంటూ వెళ్ళి గిన్నెలో ముక్కు పెట్టబోయినాడు. ఆ పిల్ల గిన్నె ఎత్తి పట్టుకుని, ఇంకో చెయ్యి ఇలా ఊపుతూ, “హుష్, హుష్” అన్నాది.

నేను తలెత్తినాను. వాడు ఆగినాడు. చెవులు నిక్కబొడిచి అటు చూసినాడు, ఇటు చూసినాడు. కాకి లేదు. మేక లేదు. మళ్ళీ “హుష్” అన్నాదా పిల్ల. ఎదురుగా కదిలేది ఒకటే, ఆ చెయ్యి.

ఇక్కడ ఒక మాట సరిగ్గా అర్థం చేసుకో. బంగాళీవాళ్ళ పిల్లలు కాకినైనా, కోడినైనా, పిల్లినైనా పో అనడానికి హుష్ అంటారు. మనమూ అంటాంగదా అంటావు. అంటాం, కాకిని. కుక్కని అనం. కుక్కని ఛీ అంటాం, పో అంటాం. కుక్కతో ఉస్ అన్నామంటే, ఉస్కో అన్నామంటే, మీదికి పో అని. పలక మీద రాస్తే రెండు మాటలూ వేరు. చెవికి అంత తేడా లేదు, మనవైపు వాళ్ళం హకారం సగం మింగీసే పలుకుతాం. కుక్కకి హకారం ఏం తెలుసు? ఆ పిల్ల పొమ్మన్నాది. వాడికి పట్టుకోమన్నట్టు వినబడ్డాది. తెలిసిందా? ఇద్దరూ తప్పు చెయ్యలేదు.

మోచేతి కింద పట్టినాడు. రెండు చోట్ల లోపలికంటా దిగినాయి. నేను “గార్డూ” అని కేకేస్తే వెంటనే వదిలీసినాడు. వదిలీసి, నా వైపు తిరిగి కూర్చున్నాడు. నా చేతి వైపు చూస్తన్నాడు. ఎందుకో తెలుసా? రస్కుముక్క కోసం.

అప్పుడు తెలిసినాది నాకు. ఖోకన్ కూడా కోడిని హుష్ హుష్ అంటూనే వచ్చుంటాడు.

ఆసుపత్రిలో డాక్టరు చెప్పినాడు, సూదులు మొదలెట్టాల. అప్పట్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. ఏడేళ్ళ పిల్లకి. కుక్కని చంపొద్దు, కట్టి ఉంచండి అన్నాడు. పది రోజులు కుక్క బాగుంటే పిచ్చి లేనట్టు, అప్పుడు సూదులు ఆపీవచ్చు. మధ్యలో చస్తే మాత్రం పద్నాలుగూ వేయాల్సిందే.

ఆ సాయంత్రం మండల్‌బాబు వచ్చినాడు. అరవలేదు. నిలబడే తాతయ్యతో మాట్లాడినాడు. “రావ్‌దాదా, ఖోకన్‌ని కరిచినప్పుడు నేనే అందరికీ సర్దిచెప్పినాను. ఇప్పుడు ఏటి చెప్పాలో నువ్వే చెప్పు” అన్నాడు. తాతయ్య తల దించుకుని, “పది రోజులు నీ పిల్ల కోసం ఉంచుతాను. పదకొండో రోజు నేను చూసుకుంటాను” అన్నాడు. మాట ఇచ్చీసినాడు. నేను గుమ్మంలో ఉన్నాను. నోరు తెరిచి చెప్పాల్సిన మాట నా నాలిక మీద ఉంది. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే... చూడు, అప్పటికే కుళాయి దగ్గర మాట మారిపోనాది. మొదట నవ్వుతూ అన్న మాటే, తెలుగు కుక్క అని, ఇప్పుడు నవ్వకుండా అంటన్నారు. ఇప్పుడు నేను వెళ్ళి, వాడికి ఉస్ అన్న మాట నేనే నేర్పినాను అంటే ఏటంటారు? పంతులమ్మ మన పిల్లల మీదికి కుక్కని ఉసిగొలిపింది అంటారు. అలాగని భయం. నేర్పడమంటే గొప్ప అనుకున్నదాన్ని, ఏడాదిపాటు అందరి చేతా పొగిడించుకున్నదాన్ని, తప్పు నేర్పినానని ఒప్పుకోడానికి నోరు రాలేదు. సిగ్గు. భయం కన్నా సిగ్గే ఎక్కువ.

ఆ పది రోజులు గార్డుని వరండా స్తంభానికి కట్టినాం. రోజూ పొద్దున్న బౌది ఆ పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళి, సూది వేయించుకుని, తిరిగొస్తూ మా గేటు దగ్గర ఆగీది. పిల్ల కడుపు పట్టుకుని వంగి నడిచీది. “తిన్నాడా?” అని అడిగీది బౌది. మొదటి రోజు అడిగి వెళ్ళిపోనాది. రెండో రోజు వాడు దిగులుతో ఏమీ ముట్టుకోలేదు. ఆవిడ మొహం తెల్లబోయినాది. వాడికేమైనా అయితే తన పిల్లకి ఇంకా సూదులు గదా. ఇంటికెళ్ళి చేపతల వేసి కలిపిన అన్నం తెచ్చి, తన చేత్తో వాడి ముందర పెట్టినాది. తన పిల్లని కరిచిన కుక్కకి. “తిను నాయినా, తిను” అని బతిమాలినాది. వాడు తిన్నాడు. ఆ రోజునుంచీ రోజూ తెచ్చీది. నేను పక్కన నిలబడి చూసీదాన్ని. మా అత్త ఒకసారి చూసి కొంగు నోట్లో కుక్కుకుని లోపలికెళ్ళిపోనాది.

మరి నేనేం చేసినానంటే, చెరపడం మొదలెట్టినాను. పలక మీద తప్పు రాస్తే చెరిపి మళ్ళీ రాయిస్తాం గదా, అలాగ. బడి నుంచి వచ్చి, చపాతీ ముక్క పట్టుకుని వాడి ఎదురుగా పీట వేసుకుని కూర్చునీదాన్ని. “ఉస్” అనీదాన్ని, మెల్లిగా. వాడు లేచి గొలుసు తెంపుకోబోయీవాడు. నడుం మీద చెయ్యేసి పడుకోబెట్టీదాన్ని. పడుకుంటే చపాతీ ముక్క. మళ్ళీ ఉస్. మళ్ళీ హుష్, బులు అన్నట్టు, చెయ్యి ఊపుతూ. నేర్పడానికి మూడు రోజులు పట్టినాది, చెరపడానికి ఎనిమిది. మీ అమ్మ అడిగినాది, “ఏటి చేస్తన్నావమ్మా?” అని. ఆడుకుంటన్నాను అన్నాను. తొమ్మిదో రోజుకి ఉస్ అన్నా హుష్ అన్నా వాడు కాళ్ళు చాపి, గెడ్డం నేల మీద ఆనించి పడుకునీవాడు. కళ్ళు మాత్రం నా చేతి మీద.

ఆ రోజు సాయంత్రం తాతయ్య చేతులు కడుక్కుంటుంటే దగ్గరికెళ్ళి అంతా చెప్పినాను. నేర్పింది, బులు అన్నది, చెరిపింది. “ఇప్పుడు కరవడండీ. మీరే చూడండి” అని, హుష్ అన్నాను. గార్డు పడుకున్నాడు.

ఆయన తడి చేత్తోనే వాడి తల నిమిరినాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. “బాగా నేర్పినావు” అన్నాడు. “నువ్వంటే పడుకున్నాడు. ఇంకొకళ్ళంటే?”

“పడుకుంటాడు.”

“పడుకుంటాడో లేదో చూడాలంటే పరీక్ష పెట్టాల గదా టీచరమ్మా. ఎవరి పిల్లని పెడతావు? మన పద్మనా, బులునా?”

నేను చేతిలో ఉన్న చపాతీ ముక్క గార్డుకి పెట్టీసినాను.

“మండల్‌కి ఈ సంగతి చెప్తే నిన్ను తిడతాడు, చెప్పకపోతే కుక్కని తిడతాడు. కుక్క సంగతిలో ఎలాగూ మాట ఇచ్చీసినాను. నువ్వు రేపు బడికెళ్ళాల, ఆ లైనంతా నడుచుకుని. ఊరుకో” అన్నాడు. నా మంచికే అన్నాడు. నేను ఊరుకున్నాను. ఆయన మీద పెట్టను ఈ తప్పు. ఊరుకోమన్న మాట ఆయనది, ఊరుకున్నది నేను.

పదో రోజు సూదులు ఆపీసినారు. బౌది పాయసం వండి పంపించినాది. గార్డుకీ ఒక గిన్నె.

ఇప్పుడు కుక్కల బండి సంగతి చెప్పాల. అప్పట్లో కాలనీలో నెలకోసారి బండి తిరిగీది. దిక్కులేని కుక్కల్ని ఇనప ఉచ్చులేసి పట్టుకుపోయీవారు. పట్టుకుపోయినవి మరి రావు. పెంచుకునే కుక్కలకి మాత్రం నెంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఇచ్చీవారు. మెడలో బిళ్ళ ఉంటే వాళ్ళు ముట్టుకోరు. అదీ పద్ధతి. పదకొండో రోజే బండి రోజు పడ్డాది. తాతయ్య పొద్దున్నే లేచి గార్డు మెడలో బిళ్ళ ఉన్న పట్టా విప్పినాడు. ఆ బకిలు తుప్పుపట్టి రాదు, చాలాసేపు పట్టినాది. వాడు మెడ చాచి నిలబడ్డాడు, స్నానం చేయిస్తారేమో అని. సైరను కొట్టినాది. “నేను చూసుకుంటాను అన్నాను గానీ, నావల్ల కాదే” అన్నాడు. “నువ్వు చెప్తేనే వింటాడు. గేటు బయటికి పంపించీ.” సైకిలు ఎక్కకుండా, నడిపించుకుంటూనే వెళ్ళిపోనాడు.

నేను గేటు తీసి, “పో” అన్నాను. వాడు గేటు దాటి, నాలుగడుగులేసి, మేం వెనక వస్తన్నామేమో అని తిరిగి చూసి ఆగినాడు. వాడు ఎప్పుడూ ఆఖరున గదా, ముందు నడిచే అలవాటు లేదు. మళ్ళీ పో అన్నాను. తోకాడించినాడు. ఇంతలో లైను మొదట్లో బండి తిరిగినాది.

అది చూసేసరికి నా మనసు ఒక్కసారిగా మారిపోనాది తల్లీ. వద్దు, వీడు పోకూడదు. మాట ఇచ్చింది తాతయ్య, నేను కాదు. వీడు పరిగెత్తాల, లైను దాటి, మైదానం దాటి నింపురా రైలు యార్డు వైపు పారిపోవాల. ఎక్కడో ఒకచోట బతకనీ. మైదానంలో కాకులు వాలి ఉన్నాయి. అటు చెయ్యి చూపించి, గట్టిగా, “ఉస్” అన్నాను.

వాడు పడుకున్నాడు.

కాళ్ళు చాపి, గెడ్డం మట్టిలో ఆనించి, రోడ్డు మధ్యలో. కళ్ళు నా చేతి మీద. మళ్ళీ అన్నాను. ఇంకా బాగా ఆనించినాడు గెడ్డం. నేను ఏం నేర్పినానో అదే చేసినాడు.

బండివాళ్ళు వచ్చినారు. ఇద్దరు. ఉచ్చు వేయడానికి పరిగెత్తక్కర్లేకపోయినాది. అందులో పెద్దాయన మెడ తడిమి చూసి, బిళ్ళ లేదని, నా వైపు తిరిగి హిందీలో అడిగినాడు, “దీదీ, బహుత్ సీధా కుత్తా హై. కిస్కా హై?” చాలా బుద్ధిమంతుడమ్మా, ఎవరిదీ కుక్క, అని. మాది అంటే వదిలీసీవాడే. ఆగి అడిగినాడు గదా, వదలడానికే అడిగుంటాడు.

తెలీదు అన్నాను.

సాయంత్రం తాతయ్య వచ్చి, “వెళ్ళినాడా?” అన్నాడు. వెళ్ళినాడు అన్నాను. అంతకుమించి ఎప్పుడూ అడగలేదు. ఆ యేడు మా అత్త గోధుమలు ఎండబోయలేదు. రేషను సంచీ సంచీలాగే ఎవరికో ఇచ్చీసినాది. పిల్లలకి మాత్రం, గార్డు ఊరెళ్ళిపోయినాడు, నరసన్నపేటలో చేలకి కాపలా అని చెప్పినాం.

పిల్లలు నమ్ముతారా? కుళాయి దగ్గర విన్నారు. ఎవరో బులుని అన్నారట, “నీ వల్లే చచ్చిపోయినాది కుక్క” అని. ఆ పిల్ల మా మెట్టు ఎక్కడం మానీసినాది. అన్నం తినటం లేదని, నిద్దట్లో ఏదో అంటాదని బౌది వచ్చి చెప్పినాది నాకు. నాకే. మీరు టీచరు గదా, ఒకసారి మాట్లాడి చూడండి అని.

అప్పటికి ఇరవై రోజులయినాయి. ఇంక ఊరుకోలేకపోయినాను. తాతయ్యకి చెప్పకుండానే వెళ్ళినాను. బౌది కత్తిపీట ముందర కూర్చుని చేప కోస్తన్నాది, బులు గోడకానుకుని కూర్చుంది. నిలబడే అంతా చెప్పినాను. ఒక్క ముక్క దాచలేదు. తెలీదు అన్నది కూడా చెప్పినాను.

బౌది కత్తిపీట మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాది. చేపపొలుసు అంటుకుని ఉంది చేతికి. “ఈ చేత్తోనే పెట్టినాను దిదిమణి. పది రోజులు. నువ్వు పక్కనే నిలబడ్డావు. ఒక్కరోజైనా నోరు రాలేదా?” అన్నాది. “చెప్పుంటే వాణ్ణి వదిలీమనీదాన్నో లేదో, నాకు తెలీదు. తల్లిని గదా, ఉంచొద్దనే అనుందును. కానీ నా పిల్ల ఇన్నాళ్ళు ఇలా కూర్చునీది కాదు.” ఆ మాట నిజం. అది అన్నాక చేప కోయడం మళ్ళీ మొదలెట్టినాది. తరవాత ఒక యేడాది నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. మళ్ళీ మాట్లాడినాది, మీ మామయ్య పుట్టినప్పుడు పురుడు కూడా ఆవిడే చూసినాది, అది వేరే సంగతి.

నేను బులు దగ్గర కూర్చున్నాను. నీ తప్పు లేదమ్మా అన్నాను. నువ్వు అన్న మాట నీ భాషలో సరైనదే, నేను వాడికి నేర్పిన అర్థం వేరు అని, ఇందాక నీకు చెప్పినట్టే చెప్పినాను. అది అంతా విన్నాది. తెలివైన పిల్ల. వేలితో నేల మీద రాస్తూ ఆలోచించినాది.

“అయితే గార్డు చెప్పినట్టే చేసినాడు” అన్నాది.

అవును అన్నాను.

“మరి పంపించినప్పుడు వాడికి చెప్పినావా దిదిమణి, నీ తప్పు లేదని?”

ముప్ఫై రెండేళ్ళు పాఠాలు చెప్పినాను. పిల్లలు ఎన్ని అడగలేదు. తెలియకపోతే రేపు చదువుకొచ్చి చెప్తాను అనీదాన్ని. ఆ పిల్లకి రేపు చెప్తానని కూడా అనలేకపోయినాను. లేదమ్మా, చెప్పలేదు అన్నాను. అది నా మొహం వైపు చూసి, తల ఊపినాది, అర్థమైనట్టు. అర్థమయినాది దానికి. అదే నాకు...

సరేలే. నీ కడుపు చల్లగా ఉండాల తల్లీ, నీ పిల్లలు వేయేళ్ళు బతకాల. చెప్పాల్సిన మాటని వేళకి చెప్పే నోరు వాళ్ళకి దేవుడివ్వాల. పది రోజులు ఆగకుండా, అడిగినవాడు ఎదురుగా నిలబడి ఉండగానే. పది రోజులంటే ఎంతో అనిపిస్తాది గానీ...